గిన్నెలో మిగిలిన రెండు చీటీలు

డిసెంబరు 1, ఆదివారం

రోవెనా ఇంటికి కప్పు ఇంకా పడలేదు. అక్టోబరు తుఫాను పట్టుకుపోయిన రేకులు ఏ సముద్రం అడుగున ఉన్నాయో, వాటి కింద ఏ పీతలు కాపురం పెట్టాయో తెలీదు. నీలం టార్పాలిన్ కింద పదకొండుమందిమి కూర్చున్నాం. అందరి మొహాలూ నీలంగా, నిన్నటి చేపల్లా ఉన్నాయి.

రోవెనా చీటీల గిన్నె తెచ్చి నిలబడింది.

"ఈసారి కొనడాలు లేవు. ఎవరు ఏమిచ్చినా సొంత చేత్తో చేసిందే అయ్యుండాలి. దుకాణం సంచీతో వచ్చినవాళ్ళని మెట్ల మీంచే వెనక్కి పంపేస్తాను. వినండి: మొదటి వారం మెత్తనిది, రెండో వారం గట్టిది, మూడో వారం తియ్యనిది. పండగ నాడు పొడవైంది."

"పులో నాలుక కోసి ఇస్తే సరి," అంది మామెంగ్ నన్ను చూపించి. "మెత్తనిదీ అవుతుంది, పొడవైందీ అవుతుంది."

అందరూ నవ్వారు. మామెంగ్ నాకు పినతల్లి కూతురు, నాకంటే రెండు నెలలు చిన్న. డెబ్భై నాలుగేళ్ళుగా ఆ రెండు నెలల కసి నా మీద తీర్చుకుంటోంది.

ఏటా జరిగేదే. తీసిన చీటీలో ఎవరి పేరుంటే వాళ్ళకి వారం వారం గుట్టుగా కానుక పెట్టాలి. పండగ మధ్యాహ్నం భోజనాల దగ్గర లేచి, "నీకు ఇచ్చింది నేనే" అని చెప్పాలి. సొంత పేరు వస్తే అందరికీ చెప్పి గిన్నెలో వేసేయాలి.

చిన్నవాళ్ళతో మొదలుపెట్టి పెద్దవాళ్ళ దాకా తీశారు. మామెంగ్ తర్వాత నేను. గిన్నెలో రెండే మిగిలాయి. నా తర్వాత తీయాల్సింది ఒక్కడే, రోవెనా తండ్రి మెలేసియో.

చీటీ విప్పాను. రోవెనా గుండ్రటి అక్షరాల్లో 'క్రిస్పులో' అనుంది. అంటే నేనే.

మడిచి జేబులో పెట్టుకున్నాను. మళ్ళీ గిన్నె, మళ్ళీ కలపడం, పాపం అందరికీ ఆకలిగా ఉంది. అందుకే.

డిసెంబరు 2

అందుకే.

డిసెంబరు 5

నాకు నేనే మెత్తనిది చేసి ఇచ్చుకోవాలి. బాగానే ఉంది. డెబ్భై నాలుగేళ్ళలో నా ఇష్టాయిష్టాలు తెలిసినవాడు ఒక్కడైనా నాకు కానుక ఇవ్వబోతున్నాడు.

దిండు కుడుతున్నాను. చర్చి వెనక రాలిన బూరుగు కాయలు ఏరి తెచ్చాను. గింజలు తీసి, ముక్కులోకి పోగా మిగిలిన దూది ఎండబెట్టాను. గుడ్డకి కొరత లేదు. నలభై ఏళ్ళు గొడుగులు బాగుచేసినవాడి ఇంట్లో నల్లగుడ్డ ఎప్పుడూ ఉంటుంది. నా భార్య సియాంగ్ ఉంటే, "నల్లదిండా! తల పెట్టుకుని పడుకుంటావా, చావడం ప్రాక్టీసు చేస్తావా?" అనేది. ఆవిడ పోయి మూడేళ్ళయింది. ఈ నోట్‌బుక్కు ఆవిడదే. చర్చి పాటల కోసమని కొని మూడు పాటలు రాసింది. మిగిలిన పేజీలన్నీ నాకొదిలింది. ఇంట్లో నా కథలు వినేవాళ్ళు లేరని దీనికి చెబుతున్నాను. ఇది ఆవలించదు. అదొక్కటే దీనికీ సియాంగ్‌కీ తేడా.

ఎడమచేత్తో కుట్టాను, ఎవరి కుట్టో తెలియకూడదని. కుట్లన్నీ తాగినవాడి నడకలా వచ్చాయి.

డిసెంబరు 8, ఆదివారం

దిండు చూసి నేను ఆశ్చర్యపోయిన తీరు నాటకాలవాళ్ళు చూసి నేర్చుకోవాలి. "అబ్బ! ఎవరిదో ఎంత మంచి మనసు!" అన్నాను.

"మనసు మంచిదే. కళ్ళు లేనట్టున్నాయి," అంది మామెంగ్ కుట్లు చూసి.

తర్వాత మెలేసియో పొట్లం విప్పాడు. రెండు పాత చొక్కాల్ని మడతలు మడతలుగా కుట్టి, చివర్లకి తాళ్ళు పెట్టిన గుడ్డ పట్టీలు.

"ఏంటి నాన్నా అవి?" అంది రోవెనా.

"మోకాలి కింద కట్టుకోడానికి. కాలి ముందెముకకి."

"బంతాటకి వెళ్తున్నాడేమో మావయ్య," అన్నాడు రోవెనా మొగుడు నెస్టర్. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు.

నేను నవ్వలేదు. పొట్లం మీద బొగ్గుతో గీసిన పెద్ద 'ఎం' అక్షరం ఉంది. ఎడమ కాలు పొడుగ్గా, కుడికాలు కుంటిగా. ఆ అక్షరాన్ని యాభై ఏళ్ళుగా చూస్తున్నాను. పడవలకి పలకలు కోసేటప్పుడు ఆయన ప్రతి పలక మీదా గీసే గుర్తు అది.

నాకు లెక్కలు రావు. చేపలు చుట్టిచ్చిన పేపర్లు చదివి నేర్చుకున్న చదువు నాది, వాటిలో లెక్కలుండవు. అయినా ఈ లెక్క ఇవాళ తట్టింది. రెండు చీటీల్లో నా పేరు నేను తీసుకుంటే మిగిలింది ఆయన పేరే. ఆయనకీ తన పేరే వచ్చింది. ఆయనా నోరు మూసుకున్నాడు.

తొమ్మిదేళ్ళుగా మాట్లాడుకోని ఇద్దరం ఈ ఒక్క పని మాత్రం కలిసి చేశాం.

డిసెంబరు 9

నేను నా చీటీ తిరిగి గిన్నెలో వేసుంటే ఆయన పేరు నాకూ, నా పేరు ఆయనకీ వచ్చేవి. నా చీటీయే కాదు, ఆయన చీటీ కూడా దొంగిలించాను.

డిసెంబరు 11

ఆయనెందుకు మాట్లాడడో చెప్పాలంటే, ఏమీ లేదు. అమ్మ పోయిన తర్వాత తొమ్మిది రోజుల ప్రార్థనలు జరుగుతున్నాయి. అయిదో రోజు ప్రార్థన అయ్యాక అందరం అల్లం టీ తాగుతున్నాం. పెద్ద కొడుకు అమ్మ దగ్గరికి ఎందుకు ఆలస్యంగా వచ్చాడని ఎవరో అడిగారు. నేనొక చిన్న జోకు వేశాను. అందరూ నవ్వారు. చావింట్లో నవ్వించడం మామూలు విద్య కాదు. ఆయన లేచి వెళ్ళిపోయాడు. అంతే.

జోకు పడనివాళ్ళకి నేనేం చేయను?

డిసెంబరు 15, ఆదివారం

గట్టిది అంటే ఏటి ఒడ్డున ఒక రాయి ఏరి, కొబ్బరినూనె రాసి తోమాను. బద్ధకం కాదు, కళ.

"రాయి! మనిషికి రాయి ఇచ్చిందెవరర్రా?" అని మామెంగ్ నిజంగానే కోప్పడింది. "భార్య పోయిన మనిషి, ఎంత నోటిదూలైతే మాత్రం!" నా ప్లేటులో ఇంకో బియ్యపు అట్టు వేసింది. ఆ రాయి నేనే ఇచ్చుకున్నానని చెబితే ఆ అట్టు వెనక్కి తీసుకునేది. చెప్పలేదు.

మెలేసియోకి కొబ్బరిచిప్పతో చేసిన మూతలు మూడు వచ్చాయి. అద్దంలా నునుపు చేశాడు, ఆయన చెయ్యి ఇంకా చెయ్యే. ఒకదాని అంచుకి ఒక గాటు, రెండోదానికి రెండు, మూడోదానికి మూడు.

"డిజైన్ బావుంది," అంది రోవెనా.

"ఉప్పుకి, పంచదారకి, కాఫీకి," అన్నాడాయన.

టీ పోసుకున్నాడు. కప్పు నిండి సాసరులోకి, సాసరు నిండి బల్ల మీదికి. రోవెనా గుడ్డ తెచ్చి, "పరాకు నాన్నా నీకు," అంది.

పరాకు. ఎప్పుడూ లేదు ఆయనకి. వెంట్రుకవాసి తేడా వస్తే పలక విసిరికొట్టే మనిషి.

డిసెంబరు 17

పండగకి ముందు తొమ్మిది తెల్లవారుజాము పూజల్లో ఇది రెండోది. నేను వెళ్ళేసరికి ఆయన అప్పటికే వస్తున్నాడు. గోడవారగా, ప్రతి బెంచీ చివర చెయ్యి ఆనిస్తూ. పెదవులు కదులుతున్నాయి. జపం అనుకున్నాను. దగ్గరగా వెళ్ళి విన్నాను.

"ఆరు. ఏడు. ఎనిమిది."

ఎనిమిదో బెంచీలో కూర్చున్నాడు. నేను వెనక తొమ్మిదోదాంట్లో కూర్చున్నాను. ఆయన తల తిప్పి నా మొహంలోకి సూటిగా చూశాడు. పలకరిస్తాడేమో అనుకున్నాను. తల తిప్పేసుకున్నాడు.

ఇంకా కోపం పోలేదన్నమాట.

డిసెంబరు 19

ఆ రోజు నేనన్నది ఇది. రాయకపోతే కాగితానికి అబద్ధం చెప్పినట్టుంటుంది.

"పందెంలో అన్నయ్య కోడి గెలుస్తోంది. అమ్మని ఇంకో రౌండు ఆగమని కబురు పంపాడు."

మంచి జోకే. చెప్పిన తీరు కూడా కుదిరింది. ఆయనకి కోడిపందేల పిచ్చి ఒకప్పుడు ఉన్నదే కాబట్టి అందరూ నమ్మారు.

డిసెంబరు 22, ఆదివారం

తియ్యనిది. నేను కొబ్బరిలౌజు చేసుకుని నా పేరే రాసి పెట్టుకున్నాను. సియాంగ్ చేసినంత రాలేదు. తింటూ ఏడుపొస్తే పాకం వేడి అన్నాను.

అందరి పొట్లాలూ అయ్యాయి. మెలేసియో ముందు ఏమీ లేదు.

"నాన్నకి ఎవరు? ఎవరు మర్చిపోయారు?" అంది రోవెనా.

 మామెంగ్ నావైపు తిరిగింది. "నీ చీటీయేనా? తొమ్మిదేళ్ళ పగ తీర్చుకోడానికి ఇదేనా సమయం? సిగ్గు లేదూ?"

"మర్చిపోయుంటార్లే, వదిలెయ్యండి," అన్నాడాయన. కుడిచేతికి అరిటాకు చుట్టి పైన గుడ్డ కట్టాడు. రోవెనా అడిగితే, "బెల్లం పాకం," అన్నాడు. తర్వాత, "పక్కింటివాళ్ళకి సాయం చేస్తుంటే," అన్నాడు.

అప్పుడు అన్నీ ఒకేసారి వచ్చి కూర్చున్నాయి. మోకాళ్ళ కింద పట్టీలు. మూతలకి గాట్లు. పొంగిన టీ. లెక్కపెట్టిన బెంచీలు. నా మొహంలోకి చూసి నన్ను చూడని చూపు.

ఆయనకి కళ్ళు కనిపించడం లేదు. పదకొండుమందిలో నాకు తప్ప ఎవరికీ తెలీదు. కూతురికీ తెలీదు.

ఇక్కడ ఒక సంగతి రాయాలి. రాయడానికి చెయ్యి రావడం లేదు. ఆ క్షణంలో నాకు మొదట వచ్చింది జాలి కాదు. 'అబ్బ, ఏం కథ!' అన్న ఆలోచన. పట్టీల దగ్గర మొదలుపెట్టి, మూతల మీదుగా, చివర టీ పొంగించి ఎక్కడ నవ్వించాలో, ఎక్కడ ఆపాలో మొత్తం అమరిపోయింది. నోరు తెరిచాను కూడా.

మామెంగ్ నన్నే చూస్తోంది, జవాబు కోసం.

"నాదే చీటీ. మర్చిపోయాను," అన్నాను.

నా జన్మలో నన్ను అంతమంది ఒకేసారి తిట్టడం అదే మొదలు.  ఆయన మాత్రం నా గొంతు వచ్చిన వైపు తల వంచి కూర్చున్నాడు. ఆయనకి తెలుసు కదా, అది నా చీటీ కాదని.

డిసెంబరు 23

మార్కెట్టు వెనక అరటి జాతి అబకా నార దొరికింది. తుఫానుకి పడిపోయిన చెట్లవి, ఊరికే తీసుకెళ్ళమన్నారు. పొద్దుటినుంచి తాడు పేనుతున్నాను. తొడ మీద నార పెట్టి అరిచేత్తో తోయడం నాన్న నేర్పాడు. అన్నయ్యకి త్వరగా వచ్చింది, నాకు తొడ మీద చర్మం పోయాక వచ్చింది.

మెలేసియో ఒక్కడే ఉండే ఇంటి వాకిటి స్తంభం నుంచి చేతిపంపు దాకా ఇరవై అడుగులు, అక్కడినుంచి దొడ్డి దాకా ఇంకో పద్నాలుగు. కూలికి కట్టెలు కొట్టేవాడిలా పక్కింటి ముందు అటూ ఇటూ నడిచి కొలిచాను.

మెట్టు వచ్చే చోట ఒక ముడి. పంపు దగ్గర రెండు. దొడ్డి దగ్గర మూడు.

చేతులు పనిలో ఉంటే నోరు ఊరుకుంటుంది. నోరు ఊరుకుంటే బుర్ర ఊరుకోదు. రాసేస్తాను.

అమ్మ పోయిన రోజు ఆయన కోడిపందేల్లో లేడు. రేవు అవతల పడవల షెడ్డులో ఉన్నాడు. అమ్మ అడుగుతోంది, పరిగెత్తుకెళ్ళి పెద్దవాణ్ణి తీసుకురా అని మామెంగ్ నన్ను పంపింది. దారిలో నెస్టర్ వాళ్ళ నాన్న, ఇంకో నలుగురు కొబ్బరిసారా తాగుతున్నారు. మా దగ్గర ఒకటే గ్లాసు, చుట్టూ తిరుగుతుంది. ఒక గుక్క పుచ్చుకున్నవాడు చుట్టు పూర్తవకుండా లేస్తే అవమానం. ఒక చుట్టు అనుకున్నాను. కథ మధ్యలో ఉంది. రెండో చుట్టు. కథ చాలా బాగా వచ్చింది. మూడో చుట్టు.

నేను షెడ్డుకి చేరి, ఇద్దరం రేవు దాటి ఇంటికి వచ్చేసరికి అమ్మ తల దగ్గర కొవ్వొత్తి వెలిగించేశారు.

ఎవరూ నన్ను అడక్కూడదని కోడిని పుట్టించాను.

తాడు ముప్ఫై నాలుగడుగులు వచ్చింది.

డిసెంబరు 24

రోవెనా నక్షత్రాల దీపాలు కట్టింది. వెదురు బద్దలకి పాత క్యాలెండర్ కాగితాలు అంటించింది. ఒక కోణంలో జులై, ఒక కోణంలో ఆగస్టు. ఏమీ తినబుద్ధి కాలేదు.

డిసెంబరు 25

కప్పు లేకపోయినా భోజనాలు బాగానే జరిగాయి. తర్వాత ఒక్కొక్కరే లేచి పొడవైంది ఇచ్చి పేరు చెప్పారు. మామెంగ్ నెస్టర్‌కి ఈత చెట్టంత పొడుగు తోరణం అల్లి ఇచ్చి, "ఉరేసుకోడానికి కాదు, గుమ్మానికి," అంది.

నేను లేచాను.

"పొడవైందే తెచ్చాను. దానికి ముందు ఒక కథ."

"పడుకునేవాళ్ళు చాపలు తెచ్చుకోండి," అన్నాడు నెస్టర్.

"పొట్టి కథే," అన్నాను.  మెలేసియో వైపే చూస్తూ చెప్పాను. "అమ్మ పోయిన రోజు అన్నయ్య కోడిపందేల్లో లేడు. షెడ్డులో పని చేసుకుంటున్నాడు. పిలుచుకు రమ్మని పంపితే నేను దారిలో కూర్చుని తాగుతూ కథలు చెప్పాను. కోడి సంగతి నేను పుట్టించిన అబద్ధం."

టార్పాలిన్ గాలికి ఫటఫటా కొట్టుకుంది.  మామెంగ్ నోట మాట రాకపోవడం నేనెప్పుడూ చూడలేదు. రోవెనా కళ్ళెత్తి నన్ను చూసిన చూపు ఇక్కడ రాయను.

మెలేసియో అన్నాడు, "అయిపోయిందా?"

తొమ్మిదేళ్ళ తర్వాత మొదటి మాట.

"అయిపోయింది."

"నీ కథల్లో త్వరగా అయింది ఇదొక్కటే."

తాడు ఆయన ఒళ్ళో పెట్టాను. "బట్టలు ఆరేసుకోడానికి," అన్నాను. ఆయన వేళ్ళు తాడు వెంట నడిచాయి. మొదటి ముడి దగ్గర ఆగాయి. మళ్ళీ కదిలాయి. రెండు. ఇంకా ముందుకి. మూడు.

"బట్టల తాడుకి ముళ్ళెందుకు చిన్నాన్నా?" అంది రోవెనా. గొంతు ఇంకా పొడిగానే ఉంది.

"గాలికి బట్టలు జారకుండా."

ఇప్పుడే ఒక అబద్ధం కడుక్కుని ఇంకోటి ఆడాను. దీన్ని మాత్రం నా ఖాతాలో వేయొద్దని పైవాడితో చెప్పుకున్నాను.

ఆయన వంతు వచ్చింది. జేబులోంచి నలిగిన చీటీ తీసి నావైపు చాపాడు. "నువ్వు చదువు. కళ్ళజోడు ఇంట్లో ఉంది."

"మెలేసియో," అని చదివాను.

"అదేంటి!" అన్నారందరూ. నేను నా చీటీ కూడా తీసి బల్ల మీద పెట్టాను. రోవెనా రెండూ పక్కపక్కన పెట్టుకుని చూసింది. గిన్నె తన చేత్తోనే పట్టుకుంది కదా, లెక్క దానికే ముందు తట్టింది.

మామెంగ్‌కి మాట తిరిగొచ్చింది. "అంటే ఆ రాయి నీకు నువ్వే ఇచ్చుకున్నావా? నీ మీద జాలిపడి పది రోజులు నిద్రపోలేదురా దరిద్రుడా! నా అట్టు నాకిచ్చెయ్!"

నవ్వులు మొదలయ్యాయి. రోవెనా నవ్వలేదు. కానీ నా ప్లేటు తీసుకెళ్ళి కడిగింది.

సాయంత్రం ఆయన్ని ఇంటిదాకా దిగబెట్టాను. మోచెయ్యి పట్టుకుంటే విదిలించాడు. గుంట వచ్చినప్పుడు ఆయనే నా భుజం పట్టుకున్నాడు.

"ఎవరికి చెప్పావు?"

"ఎవరికీ చెప్పలేదు."

"నువ్వా!"

"నోట్‌బుక్కులో రాశాను. అంతే."

కొంత దూరం నడిచాం. "ఆ చీటీ నేను చదవలేకపోయాను," అన్నాడు. "ఎవర్నీ అడగలేను. అందుకని నాకు పనికొచ్చేవే చేసి నా గుర్తే వేశాను. మొదటి వారం ఎవరైనా ఉత్త చేతుల్తో మిగిలితే, పొరపాటున నా గుర్తు వేశానని వాళ్ళకి ఇచ్చేద్దామనుకున్నా. అందరికీ వచ్చాయి. అప్పుడు తెలిసింది, నా పేరే వచ్చిందని. నీ దిండు తడిమితే గొడుగు గుడ్డ తగిలింది. నీకు నీ పేరే వచ్చుంటుందని కూడా అప్పుడే తెలిసింది."

"ముందే తెలుసా!"

"పడవలు కొలిచినవాణ్ణిరా. రెండులోంచి ఒకటి తీయడం రాదా?" మెట్టు దగ్గర ఆగాడు. "ఆ నోట్‌బుక్కు రేపు తీసుకురా. చదివి వినిపించు."

డిసెంబరు 26

తాడు కట్టాను. ఆయన పంపు దాకా వెళ్ళి వచ్చాడు, దొడ్డి దాకా వెళ్ళి వచ్చాడు. "రెండో ముడి జానెడు ముందుంది," అన్నాడు. విప్పి మళ్ళీ వేయించాడు.

తర్వాత మొదటి పేజీ నుంచి చదివాను. 'రోవెనా తండ్రి' అని రాసిన చోట, "నేను నీకేమీ కానా?" అన్నాడు. ఇరవై రెండో తేదీ 'ఏం కథ!' దగ్గర దాటేద్దామనుకున్నాను. "గొంతు మారింది, ఏదో మింగావు, చదువు," అన్నాడు. చదివాను. ఇరవై మూడో తేదీ రెండుసార్లు చదివించుకున్నాడు.

అప్పుడు అడిగాడు. "ఇంతకీ అమ్మ చివరికి ఏమంది?"

"నాకేం తెలుసు?"

"నువ్వు ఇంట్లోనే ఉన్నావు కదా, నన్ను పిలవడానికి వచ్చే ముందు..." అని ఆగిపోయాడు.

"నేనూ లేను అన్నయ్యా. నేనూ అందుకోలేదు."

తొమ్మిదేళ్ళుగా ఆ మాట నా దగ్గర ఉందనుకున్నాడు. నా దగ్గర ఉండి కూడా ఇవ్వలేదనుకున్నాడు. కోడి జోకు మీద కోపం అనుకున్నాను నేను.

"మామెంగ్ ఉంది అక్కడ," అన్నాను.

డిసెంబరు 27

పొద్దున్నే రోవెనాకి కళ్ళ సంగతి ఆయనే చెప్పాడు. కాసేపు అరిచింది, కాసేపు ఏడ్చింది. వచ్చే నెల ఏడో తేదీన లూసేనా పట్నంలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుంది. నన్నూ రమ్మంది. దారిలో కథలు చెప్పకూడదనే షరతు మీద.

తర్వాత అన్నదమ్ములిద్దరం మామెంగ్ ఇంటికి వెళ్ళాం. మమ్మల్ని కలిసి చూసి చీపురు కింద పడేసింది. అన్నయ్య అడిగాడు.

మామెంగ్ చీపురు తీసి మూలన పెట్టింది. "మీరిద్దరూ ఎడమొహం పెడమొహం. ఎవరికని చెప్పను? ఒకడికి చెబితే రెండోవాడి మీద కత్తి అవుతుంది," అంది. గౌను అంచుతో మొహం తుడుచుకుంది.

"పెద్దవాడేడీ అంది పెద్దమ్మ. పులోని పంపానన్నాను. 'పులోనా? అయితే ఇంక వచ్చినట్టే' అని నవ్విందర్రా. నవ్వుతూనే కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాను."

 అన్నయ్య భుజాలు కదలడం చూసి ఏడుస్తున్నాడనుకున్నాను. దగ్గరికి జరిగితే, కాదు.

తిరిగి వచ్చేటప్పుడు గుంట దగ్గర నా భుజం పట్టుకుని అన్నాడు, "అది రాసుకో. అమ్మ ఎలా అందో అలాగే. ఒక్క మాట కలపకు."

కలపలేదు.